రోహిణి కార్తెలో చూసి, వానాకాలంలో నాటండి: మన ఊళ్ల వీధులకు, ఇళ్లకు చెట్టును ఎలా ఎంచుకోవాలి

ఏటా వానలు మొదలవగానే కాలనీల్లో మొక్కల లారీ వస్తుంది. నర్సరీలో ఏవి మిగిలితే అవి దిగుతాయి. తీసిన గుంతలో చేతికి దొరికిన మొక్క పెట్టేస్తారు. పదేళ్లకి ఆ మొక్క కరెంటు తీగల్లోకి పోతుంది, లేకపోతే డ్రైనేజీ పైపులోకి వేళ్లు దించుతుంది, లేదా ఈదురుగాలికి కారు మీద పడుతుంది. అప్పుడు గొడ్డలి తెస్తారు. ఇందులో చెట్టు చేసిన తప్పేమీ లేదు, దాన్ని పెట్టిన చోటు తప్పు.

నేను హైదరాబాద్‌లో మా కాలనీ మొక్కల పని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మొదటి ఏడాది మేం నాటిన నలభైలో రెండు వేసవులు దాటినవి పదకొండే. మిగతావాటి పాదుల్లో ఎండుపుల్లలు చూసినప్పుడు చాలా బాధేసింది. ఆ తర్వాత నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఇవాళ నాటే మొక్క మనం చిన్నప్పుడు చూసిన వాతావరణంలో పెరగదు. 1901 నుంచి లెక్కలు ఉన్న సంవత్సరాలన్నిటిలో మన దేశానికి 2024 అత్యంత వేడి సంవత్సరమని వాతావరణ శాఖ తేల్చింది. 2020 అక్టోబరులో బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన పడి హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో పచ్చదనాన్ని ఒక్క పూటలో నేలకూల్చింది. అంటే చెట్టు ముదిరిన ఎండనీ, ఒక్కసారిగా కుమ్మరించే వాననీ, గాలినీ మూడింటినీ తట్టుకోవాలి. ఎండకి బాగా ఆగే చెట్టు నీళ్లు నిలిస్తే చచ్చిపోవచ్చు. వేప అలాంటిదే. అందుకే ఎంపికకి కాస్త ఓపిక కావాలి.

మొదటి పని: రోహిణి కార్తెలో మీ వీధి చూడండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే చివర్లో, మధ్యాహ్నం రెండు గంటల వేళ, టోపీ పెట్టుకుని నీళ్ల సీసాతో మీ చుట్టుపక్కల అరగంట తిరగండి. ఏ చెట్టు కింద మనుషులు నిలబడ్డారో, ఏ చెట్టు కింద బండ్లు పెట్టారో చూడండి. సోడా బండివాడు, చెప్పులు కుట్టే ఆయన, ఆటోవాళ్లు ఎంచుకున్న నీడే మీ ఊరికి పనికొచ్చే నీడ. ఆ చెట్టు పేరు రాసుకోండి. తెలియకపోతే ఒక ఆకు, కాయ తీసుకుని పెద్దవాళ్లకి చూపించండి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనం మొక్కని పూలు చూసి ఎంచుకుంటాం. తురాయి, రేల చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. కానీ అవి నిండా పూసేది ఏప్రిల్, మేలలో, అప్పుడు వాటి మీద ఆకు సరిగా ఉండదు. మోదుగ కూడా ఆకు రాల్చాకే పూస్తుంది. నీడ అవసరమైన రోజుల్లోనే వాటి కింద ఎండ. పార్కు మధ్యలో ఒక రేల చెట్టు తప్పకుండా పెట్టండి, దాని కింద బస్‌స్టాప్ మాత్రం పెట్టకండి.

మన పాత చెట్లు కొన్ని వేసవి రాకముందే ఆకు మార్చేసుకుంటాయి. రావి శివరాత్రి రోజుల్లో రాల్చి, ఉగాదికల్లా రాగిరంగు చిగురు వేసి, మేలో పచ్చగా ఉంటుంది. వేప సంగతి ఉగాది పచ్చడి తిన్నవాళ్లందరికీ తెలుసు: పువ్వుతో పాటే కొత్త ఆకు. కానుగ ఫిబ్రవరి, మార్చిలో ఆకు దులుపుకుని ఏప్రిల్‌కల్లా లేతపచ్చగా నిండిపోతుంది. పొగడ, నేరేడు, గంగరావి ఏడాదంతా ఆకుతోనే ఉంటాయి. జమ్మి సరిగ్గా ఎండలు ముదిరేముందు చిగురు పెడుతుంది. వీధికి నీడ కావాలంటే ఈ గుంపులోంచే మొదలుపెట్టండి.

నీడ ఒక్కటే కాదు. ఆకుల్లోంచి నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ గాలిలోని వేడిని కొంత లాక్కుంటుంది. అందుకే రేకుల షెడ్డు నీడలో ఉక్కగా, చెట్టు నీడలో చల్లగా అనిపిస్తుంది. చిక్కటి ఆకు, వెడల్పు గొడుగు ఉన్న చెట్టు ఈ రెండు పనులూ బాగా చేస్తుంది. రాయల్ పామ్ వరసలు గేటెడ్ కమ్యూనిటీల ముందు గొప్పగా కనిపిస్తాయి, వాటి కింద ఒక మనిషికి కూడా నీడ దొరకదు.

రెండో పని: స్థలాన్ని పైన, కింద, పక్కన చూసుకోండి

మొక్క పెట్టాలనుకున్న చోట నిలబడి తల పైకెత్తండి. తీగలు ఉంటే పెద్ద చెట్టు ఆలోచన మానేయండి. కరెంటువాళ్లు ఏటా కొమ్మలు కొడతారు, ఒక పక్కే కొట్టడంతో చెట్టు ఒరిగిపోతుంది, ఒరిగినది గాలికి పడుతుంది. తీగల కింద పారిజాతం, దేవగన్నేరు, కరివేపాకు, సీతాఫలం, దానిమ్మ, గోరింట లాంటివి చాలు.

కింద ఏముందో తర్వాత కనుక్కోండి. మంచినీళ్ల పైపు, డ్రైనేజీ, సంపు, కేబుల్ ఎటు పోతున్నాయో ఇల్లు కట్టించినవాళ్లని అడగండి. నేను పెట్టుకున్న లెక్క ఇది: పెద్ద చెట్టుకీ గోడకీ మధ్య కనీసం 15 అడుగులు, మధ్యరకానికి 10, చిన్నవాటికి 5 లేదా 6. రావి, మర్రి, జువ్వి ఇంటి ఆవరణలో వద్దు. వాటి వేళ్లు గోడ పగుల్లోకి కూడా దూరతాయి. గుడి దగ్గర, చెరువు గట్టున, పెద్ద పార్కులో వాటికి చోటు చూపించండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని, చేవెళ్ల దారిలో రోడ్డుకి రెండు వైపులా ఉన్న మర్రిచెట్లను చూస్తే ఈ జాతికి ఎంత చోటు కావాలో అర్థమవుతుంది.

ఇంటికైతే ఏ దిక్కున నాటుతున్నారన్నది చాలా ముఖ్యం. మన ప్రాంతంలో మేలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు, అప్పుడు గోడలకు పెద్దగా ఎండ తగలదు. మూడు దాటాక పడమటి గోడ కాలిపోతుంది, ఆ వేడే రాత్రి పదకొండు దాకా గదిలోకి వస్తూ ఉంటుంది. పైగా మే, జూన్‌లలో సూర్యుడు కాస్త ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. కాబట్టి ఇంటికి ఒకే ఒక్క చెట్టు పెట్టే వీలుంటే పడమర వైపో, వాయవ్యానో పెట్టండి. ఏసీ మీద భారం తగ్గించేది ఆ చెట్టే.

ఇక నేల. రెండు అడుగుల గుంత తీసి సాయంత్రం నిండా నీళ్లు పోయండి. పొద్దున్నకి నీళ్లు పూర్తిగా ఇంకిపోతే దాదాపు ఏదైనా పెట్టొచ్చు. ఇంకా నిలిచి ఉంటే అది నల్లరేగడి అయినా కావాలి, అడుగున బండ అయినా ఉండాలి. హైదరాబాద్‌లో మొరం కింద రాయి తగలడం మామూలే. అలాంటి చోట వేప, చింత ఇబ్బంది పడతాయి. నేరేడు, తెల్లమద్ది, కానుగ తట్టుకుంటాయి.

మూడో పని: మీ ఊరికి తగిన జాబితా రాసుకోండి

హైదరాబాద్, వరంగల్, కరీంనగర్, కర్నూలు, అనంతపురం లాంటి లోపలి ఊళ్లకి నా మొదటి ఓటు కానుగకి. ఎండని, కొన్నాళ్లు నిలిచే నీటిని, పలచటి మట్టిని కూడా అది ఓర్చుకుంటుంది. చిక్కుడు జాతిది కాబట్టి వేళ్ల బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని నేలలో చేరుస్తుంది. ఆకుల మీద చిన్న చిన్న బుడిపెలు వస్తే కంగారు పడకండి, చెట్టుకి ప్రమాదం లేదు. తర్వాత వేప, పొగడ, దిరిసెన, నేరేడు. స్థలం ఎక్కువుంటే చింత, ఇప్ప. నీళ్లు పోసే దిక్కు లేని ఖాళీ స్థలాలకి జమ్మి, వెలగ, మారేడు. జమ్మి నిదానంగా పెరుగుతుంది, ముళ్లుంటాయి, అందుకే నర్సరీలవాళ్లు పెద్దగా పెంచరు. అయినా అడిగి పెట్టించండి. తెలంగాణ రాష్ట్ర వృక్షం అది, వేరు ఎంతో లోతుకి పోతుంది.

పొగడ గురించి ఇంకో మాట చెప్పాలి. చాలామంది ఎదుగుదల నెమ్మదని వదిలేస్తారు. నిజమే, ఐదేళ్లకి కూడా మనిషి ఎత్తుకి కాస్త పైనే ఉంటుంది. కానీ గట్టి కర్ర, గుండ్రటి చిక్కటి గొడుగు, ఏడాదంతా ఆకు, కింద రాలే పూల వాసన వారం దాకా పోదు. ఇరుకు వీధికి ఇంతకన్నా మర్యాదైన చెట్టు నాకు తెలియదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు ఉప్పుగాలి, తుపాను రెండూ ఉన్నాయి. అక్కడ పొన్న, గంగరావి, కానుగ, బాదం నిలబడతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న వీధిలో మొదటి వరసకి ఇవే పెట్టండి, పండ్ల మొక్కలు వాటి వెనక. విశాఖలో ఉన్నవాళ్లకి హుద్‌హుద్ మర్నాడు రోడ్ల నిండా పడి ఉన్న మానులు ఇప్పటికీ కళ్లముందే ఉంటాయి. వేగంగా పెరిగి, పెళుసు కర్రతో, పైపైనే వేళ్లు పరుచుకునే చెట్టు గాలికి మొదట పోతుంది. తురాయి, ఆకాశమల్లె, నిద్రగన్నేరు ఈ విషయంలో నమ్మదగ్గవి కావు. నిద్రగన్నేరు మాత్రం విశాలమైన మైదానంలో, కింద బండ్లు లేని చోట ఉంటే మహావృక్షమవుతుంది. అలాంటి చోట ఉన్నవాటిని కొట్టకండి.

విజయవాడ, గుంటూరు, రాజమండ్రిలో నల్లనేల, ఒండ్రు నేల, వరద భయం ఉంటాయి. పల్లంలో తెల్లమద్ది, నేరేడు, కదంబం పెట్టండి. ఏటి గట్లే తెల్లమద్ది సొంతిల్లు కాబట్టి నీళ్లంటే దానికి భయం లేదు. కదంబానికి మాత్రం వేసవిలోనూ తడి కావాలి. మెరక ప్రాంతాల్లో వేప, కానుగ, మామిడి సరిపోతాయి.

నేరేడుకి ఒక హెచ్చరిక. పండ్లు రాలే నెలలో కారు అద్దం, ఫుట్‌పాత్ ఊదారంగులోకి మారతాయి, దాని కొమ్మ పెళుసు కాబట్టి పిల్లలు ఎక్కితే ప్రమాదం. పార్కింగ్ మీద కాకుండా పార్కు మూలన పెట్టండి. పిట్టలు మీకు రుణపడి ఉంటాయి.

వద్దని గట్టిగా చెప్పాల్సినవి

కోనోకార్పస్ గురించి మీరు వినే ఉంటారు. డివైడర్ల మీద, ప్రహరీల పక్కన పచ్చగోడలా పెరిగేది ఇదే. పశువు తినదు, నీళ్లు పెద్దగా అడగదు, రెండేళ్లలో రెండు మనుషుల ఎత్తు అవుతుంది, అందుకే అంతలా వ్యాపించింది. కానీ వేళ్లు తడి వెతుక్కుంటూ పైపుల్లోకి పోతాయి, పుప్పొడి గాలిలో ఎగిరి ఎలర్జీ ఉన్నవాళ్లని బాధిస్తుంది, మన పిట్టలకి, పురుగులకి దాని వల్ల దొరికేది దాదాపు ఏమీ లేదు. తెలంగాణలో హరితహారం నర్సరీల్లో దీన్ని పెంచడం ఆపమన్నారు. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో నాటవద్దన్నాయి. ఇప్పటికే ఉన్నది ఎదిగిపోయి ఉంటే ఒక్కసారిగా అంతా నరికి వీధిని బోడిగా చేయకండి. పక్కన కానుగ నాటి, అది నిలదొక్కుకున్నాక తీయించండి. తీయించేముందు అనుమతి తీసుకోండి. నీళ్లు, నేల, చెట్ల రక్షణకి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, మీ స్థలంలోదైనా సరే.

ఏడాకుల పాల మన చెట్టే. కానీ అక్టోబరు, నవంబరు రాత్రుళ్లలో దాని పూల ఘాటు చాలామందికి తలనొప్పి తెస్తుంది. వీధి పొడుగునా అదే పెడితే ఆస్తమా ఉన్నవాళ్లు కిటికీ తీయలేరు. ఒకటో రెండో, ఇళ్లకి దూరంగా ఉంటే పర్వాలేదు. సుబాబుల్, యూకలిప్టస్ ఊళ్లో ఎక్కడా వద్దు. ఇక అశోక అని అందరూ పిలిచే నరమామిడి సన్నగా నిటారుగా పెరుగుతుంది, నీడ తక్కువ. ప్రహరీ పక్కన దుమ్ము ఆపడానికైతే సరే, రోడ్డు నీడకి పనికిరాదు.

నాలుగో పని: ఒకే చెట్టుని వరసగా పెట్టకండి

2021, 2022లలో తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. పచ్చటి చెట్టు నెల తిరిగేసరికి కాల్చినట్టు అయిపోవడం చూసి ఊళ్లలో జనం భయపడ్డారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే పురుగు కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాతి వేసవిలో చాలా చెట్లు మళ్లీ చిగురించాయి, దయచేసి ఎండినట్టు కనిపించగానే వేపని నరకకండి. కానీ వీధంతా వేపే ఉన్న చోట ఆ కొన్ని నెలలు నీడే లేదు.

దీనికి ఫ్రాంక్ శాంటమోర్ అనే అమెరికా వృక్ష శాస్త్రవేత్త 1990లో ఒక లెక్క చెప్పాడు. ఊరిలోని చెట్లలో ఒకే రకం 10 శాతం దాటకూడదు, ఒకే ప్రజాతి (దగ్గరి రకాల గుంపు) 20 శాతం, ఒకే కుటుంబం (అలాంటి ప్రజాతులన్నీ కలిసిన పెద్ద గుంపు) 30 శాతం దాటకూడదని. చిన్న కాలనీకి అంత కచ్చితంగా కుదరదు. నలభై మొక్కలు నాటుతుంటే కనీసం ఆరేడు రకాలు ఉండేలా చూడండి, పక్కపక్కన మూడు కన్నా ఎక్కువ ఒకే రకం రాకుండా కలపండి. మా వీధిలో కానుగ, పొగడ, వేప, గంగరావి, దిరిసెన, నేరేడు కలిసి ఉన్నాయి. ఒకటి ఆకు రాల్చే రోజుల్లో పక్కది పచ్చగా ఉంటుంది, ఊడ్చేవాళ్లకీ ఒకేసారి భారం పడదు.

ఐదో పని: నర్సరీలో కవర్ విప్పించి చూడండి

మునిసిపాలిటీ నర్సరీలు, అటవీ శాఖ నర్సరీలు మొదట చూడండి, మన చెట్లు అక్కడే ఎక్కువ దొరుకుతాయి. ఐదారు అడుగుల ఎత్తు, మొదలు బొటనవేలంత లావు ఉన్నది ఎంచుకోండి. పన్నెండు అడుగుల మొక్క చూడటానికి బాగుంటుంది, కాని చిన్న కవర్లో ఏళ్లు ఉండి వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. ఆ చుట్ట నేలలోకి వెళ్లినా విప్పుకోదు. పైకి బాగానే పెరిగి, ఎనిమిదో ఏట ఒక గాలివానకి మొదలంటా పడిపోతుంది. మాకు ఇలా రెండు పడ్డాయి, తవ్వి చూస్తే వేళ్లు ఇంకా కవర్ ఆకారంలోనే ఉన్నాయి. అందుకే ఒక కవర్ విప్పి చూపించమని మొహమాటం లేకుండా అడగండి.

కడియం నర్సరీల నుంచి తెప్పిస్తున్నట్టయితే వెంటనే నాటకండి. గోదావరి ఒండ్రులో, తడిలో, దగ్గరదగ్గరగా పెరిగిన మొక్కలవి. తెలంగాణ ఎండలోకి నేరుగా పెడితే ఆకు మాడుతుంది. రెండు వారాలు సగం నీడలో ఉంచి, రోజుకి కాస్త ఎక్కువ ఎండ చూపించి, అప్పుడు నాటండి.

ఆరో పని: నాటడం, మూడు వేసవులు దాటించడం

మృగశిర రాగానే తొందరపడకండి. రెండు మంచి వానలు పడి నేల అడుగు లోతు తడిశాక, అంటే చాలాచోట్ల జూన్ చివర, జులైలో నాటండి. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఉంటుంది కాబట్టి ఆగస్టు దాకా సమయం ఉంది.

గుంత మూడు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు. రాయి తగిలితే వెడల్పు పెంచండి. తీసిన మట్టిలో మాగిన పశువుల ఎరువు మూడో వంతు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలపండి. కవర్ పూర్తిగా కోసి తీసేయండి, అడుగు మాత్రమే చింపి పెట్టడం చాలాచోట్ల చూస్తాను, అది తప్పు. కవర్లో మట్టి ఎక్కడిదాకా ఉందో నేలలోనూ అక్కడిదాకానే ఉండాలి. మొదలు మట్టిలో పూడితే కుళ్లుతుంది. పాదు చేసి, మొదలుకి జానెడు దూరం వదిలి, ఎండుటాకులు నాలుగు అంగుళాలు పరవండి. ఆ ఆకులు తగలబెట్టే బదులు ఇక్కడ వేస్తే వేసవిలో రెండు బకెట్లు మిగులుతాయి.

ఫుట్‌పాత్ మీద అయితే చుట్టూ ఒక మీటరు మేర టైల్స్, సిమెంటు వద్దని మొదటే తేల్చి చెప్పండి. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. రోడ్డు పని చేసే కాంట్రాక్టరుకి ఈ మాట చెప్తే వినే అవకాశం ఎక్కువ.

మొదటి వేసవి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 20 లీటర్లు. రెండో వేసవి వారానికి రెండుసార్లు, 30 లీటర్లు. మూడో వేసవి వారానికి ఒకసారి, కాని 50 లీటర్లు నిదానంగా. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి, ఎండకి మాడతాయి, గాలికి చెట్టుని పట్టుకోలేవు. కూరగాయలు కడిగిన నీళ్లు, ఆర్‌వో నుంచి పోయే నీళ్లు పనికొస్తాయి. ఆర్‌వో నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి రోజూ అవే కాకుండా మార్చి మార్చి పోయండి.

నేల లేని ఫ్లాట్లవాళ్లకి రెండు మాటలు. పడమటి బాల్కనీలో కాగితంపూలు, దేవగన్నేరు, కలబంద, కరివేపాకు, శంఖుపుష్పం నిలుస్తాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేళ్లు ఉడికిపోతాయి, మట్టి కుండీ గానీ తెల్ల గ్రోబ్యాగ్ గానీ తీసుకోండి. మామూలు గన్నేరు (దేవగన్నేరు కాదు) అన్ని రకాల ఎండకీ ఆగుతుంది, కాని విషం. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే వద్దు.

చెట్టుకి ఆసరాగా కట్టిన కర్రని రెండో ఏడాది వానలకి తీసేయండి. గాలికి అటూ ఇటూ ఊగితేనే మొదలు లావెక్కుతుంది. కట్టిన తాడు బెరడులోకి దిగుతోందేమో ఆరు నెలలకోసారి చూడండి, ఇనుప ట్రీగార్డ్ ఉంటే మాను దానికి తగలకముందే విప్పించండి. కింది కొమ్మలు ఏడు అడుగుల ఎత్తు దాకా ఒకేసారి కాకుండా ఏడాదికి రెండు మూడు చొప్పున, వానలకి ముందు, పదునైన రంపంతో కోయండి. పై కొమ్మ జోలికి ఎవరినీ పోనివ్వకండి. కరెంటువాళ్లు వచ్చే రోజు దగ్గర నిలబడి, ఎక్కడ కోయాలో మీరే చూపించండి.